ఈదురుగాలి, పిల్లికూతలు

ఊపిరితిత్తులకూ ఒక గడియారం ఉంది. గాలిగొట్టాలు మధ్యాహ్నం మూడు నాలుగు గంటలప్పుడు బాగా విచ్చుకుని ఉంటాయి. తెల్లవారుజామున అదే నాలుగు గంటలకు బాగా ఇరుకవుతాయి. మామూలు మనిషికి ఈ తేడా తెలియనే తెలియదు. ఉబ్బసం ఉన్న మనిషికి తెలుస్తుంది. సరిగ్గా ఆ వేళకే దగ్గు తెరతో మెలకువ వస్తుంది, మంచం మీద లేచి కూర్చోవాల్సి వస్తుంది.

నెల్లూరు తీరంలో వేటకు పోయే మనిషి ఇల్లు వదిలేది కూడా దాదాపు ఆ వేళకే. వల భుజాన వేసుకుని, తడి ఇసుకలో నడిచి, పడవను నీళ్లలోకి నెట్టే బరువు పనంతా గాలిగొట్టాలు రోజు మొత్తంలో అన్నిటికంటే ఇరుగ్గా ఉన్న గంటలోనే పడుతుంది. దానికి ఈదురుగాలి తోడైతే ఛాతీలో పిల్లి కూయడం మొదలవుతుంది.

బోగోలు మండలంలోని జువ్వలదిన్నె పేరు ఈ అయిదారేళ్లలో రాష్ట్రమంతా వినిపించింది హార్బర్ వల్ల. 2020 నవంబర్ 21న, ప్రపంచ మత్స్యకార దినోత్సవం నాడు, ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నంతో పాటు ఇక్కడా ఫిషింగ్ హార్బర్‌కు శంకుస్థాపన జరిగింది. హార్బర్ గురించి, బోట్ల గురించి, ధరల గురించి చాలానే రాశారు. ఆ బోటెక్కే మనిషి ఛాతీ గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఈ తీరంలో చాలా ఇళ్లలో వినిపించే ఆ సన్నని ఈల శబ్దం మీదే ఈ కథనం.

ఇది ఏపాటి చలి?

లంబసింగి వాళ్లు వింటే నవ్వుతారు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో నెల్లూరు తీరంలో ఉష్ణోగ్రత 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కొన్నిరోజులు కాస్త దిగుతుంది, అంతే. ఢిల్లీవాడు ఆ వాతావరణంలో చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతాడు. మరి 20 డిగ్రీలకే ఛాతీ ఎందుకు బిగుసుకుంటుంది?

ఊపిరితిత్తుల అడుక్కి చేరేసరికి గాలి 37 డిగ్రీల వెచ్చదనంతో, నిండు తేమతో ఉండాలి. అలాంటి గాలి లీటరులో 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 20 డిగ్రీల గాలి ఎంత తడిగా ఉన్నా, మంచు కారుతున్నా, లీటరుకు 17 మిల్లీగ్రాములకు మించి మోయలేదు. మిగతా 27 మిల్లీగ్రాములు మన ముక్కు, గొంతు, గాలిగొట్టాలు తమ తడి నుంచి తీసి ఇవ్వాలి. కూర్చుని ఉన్నప్పుడు నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాం, ముక్కు ఒక్కటే ఆ పని చేసుకుపోతుంది. వల లాగేటప్పుడు నిమిషానికి యాభై లీటర్లు కావాలి. ముక్కు చాలదు, నోరు తెరుస్తాం. అప్పుడు ఆ లోటు పూడ్చాల్సిన భారం నేరుగా గాలిగొట్టాల మీద పడుతుంది. నిమిషానికి గ్రాముకు పైగా నీరు పోతుంది. గొట్టాల లోపలి పలచని తడిపొర చిక్కబడుతుంది. ఆ పొర కింద కాపు కాసే మాస్ట్ కణాలు అలజడిపడి హిస్టమిన్, ల్యూకోట్రైన్ లాంటి పదార్థాలు విడుదల చేస్తాయి. గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది. ఆ ఇరుకులోంచి గాలి బయటికి వచ్చేటప్పుడు వినిపించేదే పిల్లికూత.

అంటే అదే చలిలో గట్టున కూర్చున్న మనిషికి ఏమీ కాకపోవచ్చు, అతని పక్కనే వల లాగుతున్న తమ్ముడికి ఆయాసం రావచ్చు. చలి ఎంతుందన్నదే కాదు, ఆ చలిలో ఎంత గాలి, ఎటువైపు నుంచి పీలుస్తున్నామన్నదీ లెక్కలోకి వస్తుంది. మన చలికాలపు తొడుగును చూడండి. మంకీ క్యాప్ తల, చెవులు, గడ్డం అన్నీ కప్పుతుంది. ముక్కూ నోరూ మాత్రం వదిలేస్తుంది. చలి చెవుల్లోంచి దూరుతుందన్న మన నమ్మకం దర్జీకి కూడా ఉన్నట్టుంది. తలగుడ్డ కొసను ముక్కు మీదుగా ఒక చుట్టు చుడితే, బయటికి వదిలిన ఊపిరిలోని వేడి, తేమ ఆ గుడ్డలో నిలిచి, లోపలికి పీల్చే గాలికి కొంత తిరిగి అందుతాయి. పైసా ఖర్చు లేని ఉపాయం. బాగా తడిసినప్పుడు గుడ్డ మార్చుకోవాలి.

చలి వెంట వచ్చేవి

అయినా ఈ తీరంలో నేరమంతా చలిది కాదు. ఎక్కువ పాలు దాని వెంట వచ్చే వాటిదే.

మొదటిది పడిశం. ఉబ్బసం తిరగబెట్టడానికి అన్నిటికంటే తరచుగా కారణమయ్యేది జలుబు తెచ్చే వైరస్సే, ముఖ్యంగా రైనోవైరస్. వాన పడితే అందరం ఇంట్లోనే ఉంటాం, తలుపులు మూస్తాం, ఒకరి తుమ్ము ఇంకొకరికి అంటుతుంది. నెల్లూరు జిల్లాకు వానలో పెద్దవాటా ఇచ్చేది ఈశాన్య రుతుపవనం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ముసురు పట్టి ఉంటుంది. ఇంట్లో గోడకు చెమ్మ, చెమ్మకు బూజు. ఆ బూజు కూడా ఛాతీకి పడదు.

తర్వాత దుప్పట్లు. ఏడాదంతా ఇనప పెట్టెలో, నాఫ్తలీన్ ఉండల మధ్య ఉన్న రగ్గు మొదటి చలి రాత్రి బయటికి వస్తుంది. విదిలించి కప్పుకుంటారు. ఆ విదిలింపులో లేచే దుమ్ములో కంటికి కనబడని పురుగులు, వాటి మలం ఉంటాయి. తేమ ఎక్కువున్న చోట ఆ పురుగులు బాగా పెరుగుతాయి, సముద్రతీరం వాటికి పుట్టిల్లు. కప్పుకోబోయే ముందు వేణ్ణీళ్లలో నానబెట్టి ఉతకాలి. 55 డిగ్రీలు దాటిన నీటిలో అవి చచ్చిపోతాయి. ఆ తర్వాత ఎండలో వేయాలి. ఎండ దొరికేది ముసురు పట్టకముందే కాబట్టి ఈ పని దసరా నాటికే అయిపోవాలి.

అన్నిటికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది పొగ. చలిరాత్రి నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. కట్టెపొయ్యి పొగ, బీడీ పొగ, చలిమంట పొగ, చెత్త కాల్చిన పొగ ఏదీ పైకి పోదు. వీటికి తోడు దోమల చుట్ట. వానాకాలం దోమలు ఎక్కువ, చలికి కిటికీలు మూసి ఉంటాయి, ఆ మూసిన గదిలో రాత్రంతా చుట్ట రగులుతూనే ఉంటుంది. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలిన లెక్క ఇది: ఒక చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానం. కొడుకు బీడీ తాగితే తిట్టే తల్లి, అదే కొడుకు తలాపున రోజూ ఆ చుట్ట వెలిగించి పడుకోబెడుతుంది. తప్పు ఆమెది కాదు, ఎవరూ చెప్పలేదు. ఉబ్బసం ఉన్న ఇంట్లో దోమతెరే మేలు. భోగి నాడు కూడా అంతే. కొయ్య దుంగలు, పిడకల దాకా సరే, దూరం నుంచి చూడొచ్చు. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేసిన మంట దగ్గర ఛాతీ బలహీనంగా ఉన్న పిల్లల్ని నిలబెట్టడం పండగ కాదు.

ఈ తీరానికే ప్రత్యేకమైనది ఇంకొకటుంది. రొయ్యల మీద నల్లమచ్చలు పడకుండా మెటాబైసల్ఫైట్ అనే పొడి వాడతారు. అది తడిసి, ముఖ్యంగా మూసిన చోట, సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వదులుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ వాయువు కొద్దిపాటిదైనా చాలు, ఛాతీ పట్టేస్తుంది. రొయ్యలు, పీతలు ఒలిచి శుభ్రం చేసే షెడ్లలో గాలిలోకి లేచే తుంపరతో కొత్తగా ఉబ్బసం మొదలైన కూలీల సంగతి ప్రపంచంలోని చాలా తీరాల్లో వైద్యులు నమోదు చేశారు. ఆదివారం ఇంట్లో ఉంటే తగ్గి, సోమవారం షెడ్డుకు పోతే తిరగబెట్టే ఆయాసాన్ని చలి ఖాతాలో వేసి ఊరుకోకూడదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

పెరుగు, అరటిపండు, జామకాయ మాత్రం చాలామంది విషయంలో అన్యాయంగా నింద మోస్తున్నాయి. ఫలానాది తిన్న ప్రతిసారీ ఆయాసం వస్తోందని తేలితే తప్ప, పిల్లల నోటికాడి పండు లాగేయనక్కర్లేదు. కడుపులోకి వెళ్లే వాటిలో అసలు చూసుకోవాల్సింది నొప్పి మాత్రలను. పెద్దవాళ్ల ఉబ్బసంలో కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మింగిన గంటా రెండు గంటల్లో తీవ్రమైన ఆయాసం వస్తుంది. వేట నుంచి వచ్చి నడుం నొప్పికి దుకాణంలో మాత్ర కొనుక్కునే అలవాటు ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు. పారాసిటమాల్ మామూలు మోతాదులో చాలామందికి ఇబ్బంది పెట్టదు.

జూన్‌లో చేప, డిసెంబర్‌లో ఆయాసం

ఉబ్బసం మాట వస్తే తెలుగునాట చేప ప్రసాదం మాట రాకుండా ఉండదు. ఏటా మృగశిర కార్తె ప్రవేశించే రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం కొరమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి, దాన్ని బతికుండగానే మింగిస్తుంది. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. చేప తినని వాళ్లకు బెల్లంతో ఇస్తారు. మూడేళ్లు వరసగా తీసుకోవాలంటారు. ఉచితం. ఆ ముద్దలో ఏముందో చెప్పాలని జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి. శాస్త్రీయ పరీక్షలో అది నిగ్గుతేలిన దాఖలా లేదు.

నమ్మకాన్ని వెక్కిరించడం నాకిష్టం లేదు. పైగా ఆ వరసలో నిలబడే మనిషి పిచ్చివాడేమీ కాదు. రాత్రి నిద్రలేక, డబ్బులు పోసి, విసిగిపోయి వచ్చినవాడు. నేను అడిగేది కాలెండర్ గురించి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. మృగశిర కార్తె జూన్ మొదటివారం దాటగానే వస్తుంది. కోస్తా మనిషికి పని లేని రోజులు, ప్రయాణానికి వీలు. పైగా నెల్లూరు తీరంలో అది పొడి వేడి కాలం. చలికి తిరగబెట్టే ఉబ్బసం ఆ రోజుల్లో ఎలాగూ నిద్రపోతూ ఉంటుంది. చేప మింగి వచ్చిన మనిషికి జూన్, జూలై, ఆగస్టు హాయిగా గడిచిపోతాయి, మందు పనిచేసిందనిపిస్తుంది. అసలు పరీక్ష కార్తీకంలో వస్తుంది. ఈలోగా వాడుతున్న, మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) పక్కన పెట్టేసి ఉంటాడు. నష్టం చేపతో కంటే, చేపను నమ్మి పంపు మానేయడంతోనే ఎక్కువ.

“ఉబ్బసం గిబ్బసం ఏం లేదయ్యా”

“ఏం పెద్దాయనా, ఉబ్బసం ఉందా?” అంటే, “ఉబ్బసం గిబ్బసం ఏం లేదయ్యా. చలికాలం వస్తే కాస్త ఎగపోస్తాది, అంతే” అంటారు. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లోనైతే ఆ మాత్రం కూడా అనరు. పంపు బీరువాలో చీరల కింద ఉంటుంది.

ఈ ‘కాస్త’ దగ్గరే అసలు చిక్కు. తేలికపాటి ఉబ్బసం అంటే లక్షణాలు తేలికగా ఉన్నాయని అర్థం, ప్రమాదం లేదని కాదు. ఏడాదిలో పది నెలలు ఏమీ లేకుండా తిరిగిన మనిషికి కూడా ఒక జలుబుతో, ఒక పొగతో ప్రాణం మీదికి రావచ్చు. ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో మన దేశం వాటా 13 శాతం. ఉబ్బసంతో పోయే ప్రాణాల్లో మన వాటా మాత్రం 40 శాతం పైన. మన గాలి చెడ్డది, నిజమే. కానీ ఈ రెండు అంకెల మధ్య దూరానికి గాలిని మించిన కారణం, తగిన మందు తగిన దారిలో లోపలికి వెళ్లకపోవడం.

ఉబ్బసంలో రెండు జరుగుతాయి. గొట్టం చుట్టూ కండరం బిగుస్తుంది, గొట్టం లోపలి గోడ వాస్తుంది. నీలం పంపులో ఉండే సాల్బుటమాల్ బిగుతును నిమిషాల్లో వదులు చేస్తుంది. వాపును మాత్రం తాకను కూడా తాకదు. వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్: బుడెసొనైడ్, బెక్లోమెథసోన్ లాంటివి. నీలం పంపు కొట్టగానే హాయిగా ఉంటుంది కాబట్టి అదే మందు అనుకుంటాం. రెండోది కొట్టగానే ఏమీ తెలియదు కాబట్టి దండగ అనుకుంటాం. అర్ధ శతాబ్దం పాటు వైద్యులు కూడా తేలిక ఉబ్బసానికి నీలం పంపు ఒక్కటే చాలన్నారు. 2019లో ఆ మాట మారింది. ఉబ్బసం చికిత్సకు అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే ‘గినా’ సంస్థ, పెద్దవాళ్లకూ, పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ నీలం పంపును ఒంటరిగా వాడొద్దని తేల్చింది. దానికి ముందు 2018లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పంపు పీల్చినవాళ్లకు, ఉపశమనం మందు ఒక్కటే వాడినవాళ్లతో పోలిస్తే, తీవ్రమైన దాడులు దాదాపు మూడింట రెండొంతులు తగ్గాయి. చలికాలంలో మాత్రమే ఎగపోసే మనిషికి ఇది శుభవార్త. రోజూ మందనే గొడవ లేకుండా, అవసరం పడినప్పుడు పీల్చే పంపులోనే బిగుతు మందూ వాపు మందూ రెండూ అందుతాయి. కొందరికి చలికాలమంతా రోజూ వాడమంటారు. ఎవరికి ఏదో డాక్టరు చూసి చెప్పాలి.

మరి మాత్రలున్నాయిగా, పంపు ఎందుకు, అలవాటైపోదా? ఇది ప్రతి పాలెంలో వినే మాట. లెక్క చూడండి. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు. పంపు ఒక్క నొక్కుకు 100 మైక్రోగ్రాములు. అంటే మాత్రలో నలభై నొక్కుల మందు ఉంది. అదంతా కడుపులోకి, రక్తంలోకి వెళ్లి, గుండె దడ పుట్టించి, చేతులు వణికించి, చివరికి కొంత ఊపిరితిత్తులకు చేరుతుంది. స్టెరాయిడ్ పంపుకు భయపడి, పేరు తెలియని స్టెరాయిడ్ మాత్రల పొట్లం ప్రతి చలికాలం మింగే మనుషులు మన ఊళ్లలో ఎందరో. పంపులో అది మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మాత్రల్లో మిల్లీగ్రాముల్లో. వెయ్యి రెట్ల తేడా ఉన్న కొలతలవి. పంపుకు అలవాటు పడటమంటూ ఏమీ లేదు. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిపూత కూడా చాలావరకు రాదు.

పిచికారీ పంపు అయితే ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టిన క్షణంలోనే నొక్కి, పది లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. పొడి క్యాప్సూళ్ల పరికరమైతే గట్టిగా, వేగంగా పీల్చాలి. రెంటికీ పద్ధతి తలకిందులు. పొడి క్యాప్సూళ్లను మాత్రల్లా మింగేసినవాళ్లున్నారు. సముద్రపు గాలికి ఆ పొడి ఇట్టే ముద్ద కడుతుంది. వాడబోయే ముందే క్యాప్సూల్‌ను రేకులోంచి తీయాలి, పరికరం కడిగితే పూర్తిగా ఆరాకే వాడాలి.

వారానికి ఎన్నిసార్లు?

చలి ఉబ్బసం అదుపులో ఉందో లేదో తేల్చడానికి నాలుగు ప్రశ్నలు చాలు. గడచిన నాలుగు వారాల్లో పగటిపూట ఆయాసం వారానికి రెండుసార్లకు మించి వచ్చిందా, రాత్రి ఒక్కసారైనా లేపిందా, ఉపశమనం పంపు వారానికి రెండుసార్లకు మించి కావాల్సి వచ్చిందా, దీనివల్ల ఏ పనైనా మానుకున్నారా? ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టరును కలవాలి. నీలం పంపులో సాధారణంగా 200 నొక్కులుంటాయి. ఏడాదిలో మూడు డబ్బాలు ఖాళీ అయ్యాయంటే తీవ్రమైన దాడి పొంచి ఉన్నట్టు. నెలకొకటి ఖాళీ అవుతుంటే ప్రాణానికే ముప్పు.

వేటకు పోయే మనిషి డాక్టరు ఒప్పుకుంటే పని మొదలయ్యే పదిహేను నిమిషాల ముందు పంపు పీల్చుకోవచ్చు. వల మీద చెయ్యి వేసే ముందు పది నిమిషాలు చిన్నచిన్న పనులతో ఒళ్లు వెచ్చబరచుకోవడమూ మంచిదే. పంపు ఇంట్లో కాదు, నీళ్లు చొరని డబ్బాలో బోటు మీద ఉండాలి. పక్కవాడికి అది ఎక్కడుందో తెలిసి ఉండాలి. తుపాను రోజుల్లో మరీ ముఖ్యం. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ నెల్లూరు తీరం పక్కగా సాగి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. పునరావాస కేంద్రానికి పరుగెత్తేటప్పుడు ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం గుర్తుంటాయి. తడిబట్టలతో, జనం కిక్కిరిసిన గదిలో, నాలుగు దగ్గుల మధ్య రాత్రి గడపాల్సిన ఉబ్బస రోగికి వాటికంటే ముందు కావాల్సింది పంపు. ఆ కాగితాలు పెట్టుకునే కవరులో అదీ ఉండాలి.

మాట పూర్తి చేయలేకపోవడం, పెదవులు నీలిబారడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం, పంపు కొట్టినా తగ్గకపోవడం, ఇవి కనిపిస్తే ఆవిరి పట్టడం, ఛాతీకి అమృతాంజనం రాయడం లాంటివి ఆపి 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోపు మనిషిని కూర్చోబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు. నీలం పంపు నాలుగు నొక్కులు, ఒక్కొక్కటిగా, నాలుగేసి ఊపిరుల ఎడంతో ఇవ్వాలి. తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. పిల్లలకు, ఆయాసంతో పంపు సరిగా పీల్చలేని పెద్దలకు, పంపుకూ నోటికీ మధ్య పెట్టే స్పేసర్ కావాలి. ఇంట్లో అది లేకపోతే అర లీటరు ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసా చాలు. అడుగున పంపు మూతి పట్టేంత కన్నం చేసి, పంపును అందులో బిగించి, సీసా మూతిని నోట్లో పెట్టుకుని పీల్చాలి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పిల్లల మీద పరీక్షించి, ఆ సీసా దుకాణంలో అమ్మే స్పేసర్‌కు తీసిపోదని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు.

సంక్రాంతి వెళ్లి, ఎండ ముదిరి, పిల్లికూతలు ఆగగానే మందు పెట్టె మూసేస్తాం. డాక్టరును అడగకుండా ఆపొద్దు. ఇంకొక మాట, నిషేధం రోజుల గురించి. బోటు గట్టున ఉండి, ఇంజను విప్పి, వలలు అల్లుకునే ఆ 61 రోజుల్లో ఒక పూట కావలికో నెల్లూరుకో వెళ్లి, ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోవచ్చు. కొన్ని వందల రూపాయలకు పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం దొరుకుతుంది. ఊపిరి నిండా పీల్చి అందులో ఒక్క ఊపున ఊదితే ముల్లు ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఒంట్లో బాగా ఉన్న రోజుల్లో, రెండు వారాల పాటు రోజూ ఊది, అన్నిటిలోకీ పెద్ద అంకెను గోడ కాలెండరు మీద రాసిపెట్టుకోవాలి. డిసెంబర్‌లో ఒక తెల్లవారుజామున ఊదినప్పుడు ఆ అంకెలో 80 శాతం దాటితే వేటకు పోవచ్చు. 80కి, 50కి మధ్య ఉంటే పంపు పీల్చి, ఆ రోజు గట్టునే ఉండి, డాక్టరు రాసిచ్చిన ప్రకారం మందు పెంచాలి. సగానికి దిగితే పంపు పీల్చి, ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.